ముక్కక్క వంటకి పెయింటర్ తీర్పు

ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వంటకి ఒకటే తీర్పు: బావుంది. ఉప్పెక్కువైనా బావుంది, అడుగంటినా బావుంది. ముక్క ఉడక్క రబ్బరులా సాగితే దానితో కాసేపు కుస్తీ పట్టి, మింగి, గ్లాసెడు నీళ్ళు తాగి, అప్పుడు బావుందనేవాడు ఆ ఇంటాయన. ఆయన ఇళ్ళకి రంగులేసే పెయింటర్. రంగుల దగ్గర ఆయనంత చాదస్తుణ్ణి నేను చూడలేదు. రెండు తెలుపులు పక్కపక్కన పెట్టి, ఇందులో పసుపు చుక్క పడింది, అందులో పడలేదు అని ఇంటివాళ్ళతో పూటంతా వాదించగలడు. కంచం ముందు కూర్చున్నాక మాత్రం ఆయన దగ్గర ఆ ఒక్క మాటే మిగిలేది.

ఆయన భార్య ఒక పెద్ద ఆస్పత్రి నేలమాళిగలో ఉన్న లాండ్రీలో పనిచేసేది. అక్కడ అందరూ ఆవిణ్ణి ముక్కక్క అని పిలిచేవారు. ముక్కంటే ప్రాణం కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు, ముక్కు చురుకు కాబట్టి వచ్చిందని కొందరు. రెండూ నిజమే. ఇంట్లో కూర ఏ దశలో ఉందో వీధి మలుపు దగ్గర నిలబడి చెప్పగలిగేది. ఆ ముక్కు మీదే బోలెడంత కోపం కూడా ఉండేదనుకోండి, కానీ పేరు పెట్టినవాళ్ళు ఆ సంగతి పైకి అనలేదు.

అంత శ్రద్ధగా వండే మనిషికి మెచ్చుకోలు కావాలా వద్దా? పొద్దున్న ఎనిమిదింటికి పొయ్యి మీద పెట్టిన కూర మధ్యాహ్నం ఒంటిగంటకి దింపి, గుండెలు చిక్కబట్టుకుని ఎలా ఉందని అడిగితే, తలెత్తకుండా బావుందంటాడా? కొన్నాళ్ళకి ముక్కక్క ఆ మాటలోనే తేడాలు పట్టడం నేర్చుకుంది. బావుంది అని వెంటనే అంటే నిజంగా బావున్నట్టు. బానే ఉంది అంటే ఏదో తక్కువైనట్టు. బావుందిలే అంటే ఇంక అడక్కు, నీళ్ళు ఇవ్వు అని అర్థం. బావుందిగా అని ఎదురడిగితే ఆ పూట కూర బయట పారబోయాల్సిందే. ఆయన నోట బాలేదు అన్న మాట మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ వినలేదు.

ముక్కక్క చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆదివారం పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండేది. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, అంతే. లోకంలో పెద్దకూర వండే పద్ధతి అదొక్కటే అని ముక్కక్క పాతికేళ్ళు వచ్చేదాకా నమ్మింది. ఆ నమ్మకాన్ని పోగొట్టింది లాండ్రీలో బండి నెట్టే పొడుగాయన. ఒకరోజు ఆయన డబ్బా మూత తీస్తే ఎర్రగా, చిక్కగా, బంగాళాదుంపలతో పెద్దకూర కనబడింది. ఎరుపు చూసి కారం అనుకుని భయపడింది కానీ, నోట్లో పెట్టుకుంటే కారమే లేదు. వాళ్ళ వైపు తియ్యటి ఎర్ర మిరపకాయల పొడి వేసి గంటలకొద్దీ ఉడికిస్తారట. ముక్కక్కకి ఆ మధ్యాహ్నం పని మీద మనసు నిలిస్తే ఒట్టు.

ఆ లాండ్రీలో పనిచేసేవాళ్ళు తలో దిక్కునుంచీ వచ్చినవాళ్ళు. పొద్దున్న ఎవరి మిషన్ దగ్గర వాళ్ళుండేవారు. మధ్యాహ్నం తర్వాత అందరి పనీ దుప్పట్లు మడవడమే. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, దుప్పటి చెరో రెండు కొసలూ పట్టుకుని, సాగదీసి దులిపి, నడిచొచ్చి కొసలు కలపాలి. మిషన్ల హోరులో దూరంగా ఉన్నప్పుడు ఏం చెప్పినా వినపడదు. కొసలు కలిసినప్పుడే మొహాలు దగ్గరికొస్తాయి. అంచేత అక్కడ మాటలన్నీ వాయిదాల మీద నడిచేవి. దగ్గరికొచ్చినప్పుడు ఒక మాట, మళ్ళీ దూరం. పొడుగాయన ఎర్రకూర చెప్పడానికి తొమ్మిది దుప్పట్లు పట్టింది. ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేసే గిరజాలమ్మ, వాళ్ళమ్మమ్మ వేరుశెనగల ముద్ద వేసి చేసే పెద్దకూర ఆరు దుప్పట్లలో చెప్పేసింది. ఎముకలు, మూలుగ వేసి పొద్దుగూకేదాకా కాచి, వడగట్టి, నూడుల్స్ మీద పోసుకునే చారు మాత్రం పద్దెనిమిది దుప్పట్లకి గానీ తేలలేదు. ఆ లాండ్రీలో వంటల్ని దుప్పట్లతోనే కొలిచేవారు.

ఆ కొలతలో ఒక చిక్కుంది. మధ్యలో మడత మనిషి మారితే వంట కూడా మారిపోతుంది. ఒకసారి పొడుగాయన ఎర్రకూరలో ఏం వెయ్యాలో చెబుతుండగా ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు, ఆ కొస నూడుల్స్ చారు సంగతి చెప్పినాయన అందుకున్నాడు. ముక్కక్క హోరులో మొహం చూసుకోకుండా తర్వాతేమిటని అడిగింది. రెండు అనాసపువ్వులు, ఒక కాల్చిన ఉల్లిపాయ అన్నాడాయన. ఆ ఆదివారం పొడుగాయన కూరలో చారు దినుసులు పడ్డాయి. పెయింటర్ తిని, వెంటనే, బావుందన్నాడు. సోమవారం డబ్బాలో పెట్టి తీసుకెళితే పొడుగాయన తిని ముక్కున వేలేసుకున్నాడు. ఇది మా కూర కాదు, కానీ మావాళ్ళకి తెలిస్తే మాదే అంటారు అన్నాడు.

అప్పట్నుంచీ ఆదివారం భోజనాలు మొదలయ్యాయి. నెలకి రెండుసార్లు లాండ్రీ వాళ్ళు ముక్కక్క ఇంటికొచ్చేవారు. రెండు గదులిల్లు, వంటింటి గోడలకి మిగిలిపోయిన రంగులు తలో మూలా. ఒకవైపు లేతాకుపచ్చ, ఒకవైపు ఎవరి ఆఫీసుకో కలిపిన బూడిదరంగు. మంచం గోడకి జరిపి, బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచి, ఎవరి దిక్కు వంట వాళ్ళకి పెట్టేది. ముక్కలు ఒకదాని మీదొకటి పడకుండా కొన్నికొన్నిగా వేయించడం, నీళ్ళు వేడిగానే పోయడం, తేలిన నురుగు ఓపిగ్గా తియ్యడం, మంట తగ్గించి మూతపెట్టి వదిలెయ్యడం, అన్ని దిక్కుల వంటల్లోనూ ఈ నాలుగూ ఒకటేనని ఆవిడ కనిపెట్టింది. పెద్దకూరకి తొందర పనికిరాదు. తొందరపడ్డవాళ్ళని ఆ ముక్క దవడలు నొప్పెట్టేదాకా వదలదు.

ఇలా నడుస్తున్న సంసారంలో ఒక జ్వరం వచ్చి పడింది. ముక్కక్క పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. తర్వాత కూడా గోడ పట్టుకుని నడవడానికి ఇంకో వారం పట్టింది. లాండ్రీలో పదిహేను రోజులు దాటి రాకపోతే ఆ చోట్లో వేరేవాళ్ళని పెట్టేస్తారు. ముక్కక్క చోటు మాత్రం అలాగే ఉంది. ఎలా ఉందో తిరిగొచ్చాక గిరజాలమ్మ చెప్పింది. మడతల బల్ల దగ్గరుండి అందరికీ పనులు పంచే పెద్దక్క, అరవై నిండబోతున్న మనిషి, రోజూ గంట ముందొచ్చి ముక్కక్క చూసుకునే, బట్టలుతికే డ్రమ్ముల పని కూడా తనే చేసిందట. ముక్కక్క పనేమీ ఆగలేదు కాబట్టి పైవాళ్ళకి ఆ చోటు ఖాళీ అని తట్టనే లేదు.

ముక్కక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని పెద్దక్క దగ్గరికెళ్ళింది. ఏదో చెప్పబోయింది. పెద్దక్క కనుబొమల మీద ఎప్పట్లాగే దుప్పట్ల తెల్లటి నూగు. ముక్కక్క చేతిలోకి దుప్పటి విసిరి, "కొస సరిగ్గా పట్టుకో" అంది. అంతటితో ఆ సంగతి ముగిసింది, కనీసం పెద్దక్క వైపునుంచి.

జ్వరమైతే పోయింది కానీ, పోతూపోతూ ముక్కక్క ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. అన్నం నమిలితే తడి కాగితం నమిలినట్టుండేది. అల్లం నలిపి వాసన చూస్తే ఏమీ లేదు. వీధి మలుపులోంచి కూర దశ చెప్పిన మనిషికి గిన్నెలో తలపెట్టినా ఏమీ తెలియడం లేదు. డాక్టరు విని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట ముక్కక్క మొగుడికి చెప్పలేదు, లాండ్రీలోనూ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. మరుసటి ఆదివారం అందరూ వస్తారు, జాలిపడి తింటారు, దారిలో పాపం అనుకుంటారు, ఆ పై ఆదివారం ఏదో పని చెప్పి మానేస్తారు. ఆ బల్ల తప్ప మనుషులకి ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఇంకేముంది?

అదే రోజుల్లో ఇంకో దెబ్బ తగిలింది. తిరిగి పనిలో చేరిన రెండో వారమే పెద్దక్క ఆవిణ్ణి డ్రమ్ముల దగ్గర్నుంచి తీసేసి రోజంతా మడతల బల్లకి వేసింది. ఎందుకని అడిగితే, ఇక్కడ చేతులు తక్కువయ్యాయి అంది. డ్రమ్ముల పని తెలిసినవాళ్ళ పని. ఏ మరకకి ఎంత సబ్బు, ఎంత బ్లీచింగ్ అన్నది పదేళ్ళు చేస్తే గానీ రాదు. మడతలు కొత్తగా చేరినవాళ్ళకిచ్చేవి. నా పని తను చేసినప్పుడు ఏదో తప్పు పట్టుకుని ఉంటుందని ముక్కక్క లోపల్లోపల కుమిలింది. తన చోటు కాపాడిందీ ఆవిడే, తన పని లాక్కుందీ ఆవిడే. కృతజ్ఞతా ఉక్రోషం రెండూ ఒకే మనిషి మీద ఉంటే ఆ మనిషి ఎదురుగా రోజంతా దుప్పట్లు మడవడం తేలిక కాదు.

ఇంట్లో మాత్రం వంట ఆగలేదు. ముక్క గరిటె అంచుకి విడిపోతే ఉడికినట్టు, ఉల్లిపాయ రంగు చూస్తే వేగినట్టు, గిన్నె చప్పుడు మారితే నీళ్ళు ఇగిరినట్టు. ఉప్పు మాత్రం చేతి గుర్తే. మొదటి ఆదివారం అలాగే వండి వడ్డించింది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు, పెయింటర్ వెంటనే బావుందన్నాడు. నాలుక పోయినా చెయ్యి ఉంది అనుకుని ముక్కక్కకి కొంచెం గర్వం కూడా వచ్చింది. ఒకటి రెండు వింతలు లేకపోలేదు. ఎర్రకూరలో ఆరు దుంపలేసినట్టు గుర్తు, వడ్డించేటప్పుడు ఎనిమిది తేలాయి. పెయింటర్ ఉన్నట్టుండి ఉప్పు డబ్బాకి ఎర్రరంగు, చక్కెర డబ్బాకి తెల్లరంగు వేసి ఆరబెట్టాడు. ఎందుకయ్యా అంటే రంగు మిగిలిందన్నాడు. వంటింటి డబ్బాలు కూడా వదలవా అని ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి మరిచిపోయింది.

ఎనిమిది నెలలు అలా గడిచాక పెద్దక్క పని విరమించే రోజు దగ్గరికొచ్చింది. శుక్రవారం ఆఖరి రోజు. ఆ తర్వాతి మంగళవారం దూరంగా ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుంది, ఇంక ఇటు రాదు. మధ్యలో ఒకే ఒక్క ఆదివారం. ఇన్నేళ్ళూ అందరి దిక్కు వంటలూ తిన్న పెద్దక్క, తన దిక్కు వంట అడిగింది ఎప్పుడూ లేదు. ముక్కక్క దుప్పటి కొసలు కలిపినప్పుడల్లా నీకేం వండను అని సతాయించింది. పదో దుప్పటికి పెద్దక్క లొంగింది. వాళ్ళమ్మ చేసే పెద్దకూర ఒకటుంది. పదిహేడో ఏట ఇల్లు వదిలాక మళ్ళీ తినలేదు. తనకి వంట చేతకాదు, అమ్మ లేదు, అడగడానికి ఎవరూ లేరు.

ఆ వంట చెప్పడానికి రెండు రోజులు, నలభై దుప్పట్లు పట్టింది, ఎందుకంటే పెద్దక్కకి అందులో ఏం వేస్తారో సగమే తెలుసు. పిక్క కండ ముక్కలు, చాలా ఉల్లిపాయలు, ఎండు ఆప్రికాట్లు, దాల్చినచెక్క, నిమ్మకాయ, మిరియాలు. ఏది ఎంతో తెలియదు. తెలిసింది రుచి ఒక్కటే. "మొదట తీపి తగిలేది" అంది ఒకసారి దగ్గరికొచ్చినప్పుడు. దూరం వెళ్ళి మళ్ళీ వచ్చి, "వెనకే పులుపు" అంది. ఆ పైసారి కొసలు కలిపి కాసేపు వదల్లేదు. "మింగేశాక, అయిపోయింది అనుకున్నాక, అప్పుడు మిరియం వచ్చేది. మా అమ్మ నా మొహం చూస్తూ కూర్చునేది, ఎప్పుడొస్తుందా అని."

మిగతా వంటలు ముక్కక్క చేతికి అలవాటైనవి, ఇది చెయ్యి ఎప్పుడూ ఎరగనిది. తీపీ పులుపూ సరితూగాలంటే నాలుక కావాలి, ఆ నాలుకే లేదు. తప్పితే మళ్ళీ వండిపెట్టడానికి ఇంకో ఆదివారం లేదు. తన చోటు కాపాడిన మనిషికి తను చెప్పగలిగిన కృతజ్ఞత ఆ ఒక్క గిన్నె. పైగా నలభై ఏళ్ళుగా ఆవిడ దాచుకున్న రుచిని పాడుచేసి పంపిస్తే, ఉన్న జ్ఞాపకం కూడా పోతుందేమో.

దానికి ముందు ఆదివారం ఇద్దరికే కొంచెం వండి చూసింది. పెయింటర్ రుచి చూసి బావుందన్నాడు. ఏ రకం బావుందో ముక్కక్కకి అంతుపట్టలేదు. సరే, స్నానం చేసొచ్చి వడ్డిస్తానని వెళ్ళి, తువ్వాలు మరిచి వెనక్కి వచ్చింది. వంటింట్లో పెయింటర్ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో పిండిన నిమ్మచెక్క. ఆవిణ్ణి చూసి నిమ్మచెక్క జేబులో పెట్టుకున్నాడు. అంత వయసు మనిషి అలా జేబులో దాచుకుంటే నవ్వు రావాలి. ముక్కక్కకి రాలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

ఆయన గరిటె పక్కన పెట్టాడు. "జ్వరం తగ్గిన వారంలో ఒకరోజు టీలో ఉప్పేశావు. కిటికీలోంచి చూస్తూ గ్లాసంతా తాగేశావు. అప్పటినుంచి" అన్నాడు.

డబ్బాల రంగులు, ఎనిమిది దుంపలు, తన చేతి గర్వం, అన్నీ ఒక్కసారి ముక్కక్క కళ్ళముందు తిరిగాయి. ఆవిడ స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో ఆయన రుచి చూసి, ఉప్పెక్కువైతే ఉడికించిన దుంప వేసి, తక్కువైతే చిటికెడు కలిపి, గరిటె కడిగి యథాస్థానంలో పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చునేవాడట. ఎనిమిది నెలలుగా లాండ్రీ అంతా తిన్నది ఇద్దరి వంట. ముందు కోపమే వచ్చింది. నన్ను మోసం చేశావు అంది. నువ్వు చెప్పలేదుగా అన్నాడు. ఆ మాటకి ఆవిడ పీట మీద కూలబడింది. కూర ఎలా ఉండాలో నీకేం తెలుసయ్యా, నీకు అన్నీ బావుందే కదా అని ఏడుస్తూనే దెప్పింది.

"ముప్పై ఏళ్ళు తిన్నాను. నీ కూర ఎలా ఉండాలో నాకు తెలియదా?" అన్నాడు పెయింటర్. తర్వాత, ఆయనకి అలవాటు లేని పని, ఇంకో రెండు మాటలు కలిపాడు. "రోజంతా తడిబట్టలు మోసి వచ్చి వండుతావు. బాలేదని ఏ నోటితో అనమంటావు?"

ముక్కక్క మొహం తుడుచుకుంది. లేచి, గరిటెతో కొంచెం కూర తీసి ఆయన చేతిలో పెట్టింది. ఇది పెద్దక్క కోసం, ఇవాళ ఆ ఒక్క మాట తప్ప ఇంకేదైనా చెప్పు అంది. ఆయన నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"బాలేదు" అన్నాడు.

ముప్పై ఏళ్ళ తర్వాత విన్న మాట అది. విచిత్రమేమిటంటే ముక్కక్కకి ప్రాణం లేచొచ్చింది. ఏం బాలేదు అని వెంటపడింది. ఆయనకి రుచుల మాటలు రావు, వచ్చింది గోడల భాషే. అన్నీ ఉన్నాయి కానీ ఏదీ పట్టుకోలేదు, రంగు పట్టడానికి ముందు పూసే లప్పం పెట్టకుండా ఉత్త గోడ మీద రంగేసినట్టుందన్నాడు. ముక్కక్క ఆలోచించి, అడుగున పట్టు ఇచ్చేది ఉప్పు కదా అని ఉప్పు వేసింది. ఇప్పుడు పట్టింది, కానీ మెరుపు లేదు, తీపి మొద్దుగా కూర్చుందన్నాడు. నిమ్మరసం పిండింది. మరీ జిగేల్మంటోందన్నాడు. రెండు ఆప్రికాట్లు మెదిపి కలిపింది. ఇలా సాయంత్రం దాకా పూతల మీద పూతలు వేసి, ఆఖరికి మిరియం దగ్గర ఆగారు. మిరియాలు ఉడికిస్తే ముందే తెలిసిపోతోంది, వెనక రావడం లేదు. ముక్కక్కకి ఒక ఆలోచన తట్టింది. దింపేముందు, పొడి చెయ్యకుండా కచ్చాపచ్చాగా దంచి చల్లింది. పెయింటర్ మింగి, గిన్నె కింద పెట్టి, వెళ్ళిపోబోతూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఇప్పుడొచ్చింది అన్నాడు. ఆ లెక్కంతా పాత రంగుల కార్డు వెనక రాసి గోడకి అంటించారు.

అసలు ఆదివారం పొద్దున్నే ఇద్దరూ పొయ్యి దగ్గర చేరారు. ఆవిడ వేయించింది, కలిపింది, ఉడుకు చూసింది. ఆయన గంటకోసారి గరిటె నాకి పూత ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాడు. మధ్యాహ్నానికి పొడుగాయన, గిరజాలమ్మ వచ్చారు. వెనక పెద్దక్క వచ్చింది, కనుబొమల మీద నూగు లేకపోతే ఎవరో కొత్తమనిషిలా ఉంది. బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, మధ్యలో గిన్నె పెట్టి, ముందు పెద్దక్కకి వడ్డించారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

పెద్దక్క ఒక ముక్క, కొంచెం రసం నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఎవరి మొహం చూడలేదు. మింగింది. ముక్కక్క ఆవిడ మొహమే చూస్తూ కూర్చుంది. అయిపోయింది అనుకున్నాక పెద్దక్క కనుబొమలు రెండూ పైకి లేచాయి.

"వచ్చింది" అంది. కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోకుండానే, "మా అమ్మ ఇంత దాల్చినచెక్క వేసేది కాదు" అని కంచం ముందుకి జరిపింది. "ఇంకొంచెం పెట్టు."

దాల్చినచెక్క ఎక్కువైందో లేదో చెప్పగలిగే నాలుక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పెయింటర్ ఆ వంట ఎప్పుడూ తినలేదు, ముక్కక్కకి ఏదీ తెలియదు. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తనకి వాసనా రుచీ పోయి ఎనిమిది నెలలైందని, ఇన్నాళ్ళూ మీరు తిన్నది మా ఆయన దిద్దిన కూరలని. పొడుగాయన, గిరజాలమ్మ నోరు తెరిచి పెయింటర్ని చూశారు. ఆయన తల దించుకుని కూరలోంచి ఆప్రికాట్ ఒకటి ఏరుకున్నాడు.

పెద్దక్క మాత్రం తినడం ఆపలేదు. "తెలుసు" అంది. "నువ్వు తిరిగొచ్చిన వారం బ్లీచింగ్ పీపా మూత తీసి లోపలికి మొహం పెట్టి చూశావు. కన్నయినా ఆర్పలేదు. వాసన తెలియనిదాన్ని ఆ డ్రమ్ముల దగ్గర ఎలా నిలబెట్టను? ఏదైనా కారితే నీకు తెలిసేదా? చెబితే పైవాళ్ళు నిన్ను పనికిరాదనేవాళ్ళు. అందుకని చేతులు తక్కువయ్యాయి అన్నాను."

ఎనిమిది నెలలు ముక్కక్క ఈ మనిషి ఎదురుగా దుప్పటి కొస పట్టుకుని లోపల తిట్టుకుంది. తన పని లాక్కుందనుకున్న చెయ్యి తనని ప్రమాదం నుంచి పక్కకి లాగిన చెయ్యి. ఇంట్లో ఒకరు, పనిలో ఒకరు, తను దాచుకున్నాననుకున్న లోటుకి చెరో వైపు కాపలా కాశారు. తనెంత అదృష్టవంతురాలో ఆవిడకి ఆ పూట కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నప్పుడు అర్థమైంది. నాలుక లేకపోయినా ఆ రోజు అన్నం సహించింది.

భోజనాలయ్యాక గిన్నెలు తీసేస్తే బల్ల మీద దుప్పటి మిగిలింది. ఒక మూల రసం మరక. ముక్కక్క, పెద్దక్క అడక్కుండానే చెరో వైపు లేచి కొసలు అందుకున్నారు. సాగదీశారు, దులిపారు, మధ్యకి మడిచారు. కొసలు కలిసినప్పుడు మొహాలు దగ్గరికొచ్చాయి. ఇక్కడ మిషన్ల హోరు లేదు, అయినా ముక్కక్క ఆ చోటు కోసమే ఎదురుచూసింది.

"నువ్వు లేకపోతే నేను ఎక్కడుండేదాన్నో పెద్దక్కా" అంది.

పెద్దక్క ఆవిడ వేళ్ళ మీదుగా తన వేళ్ళు జరిపి దుప్పటి అందుకుంది. కొంచెంసేపు అలాగే పట్టుకుని ఉంది. "కొస జారిపోతోంది, సరిగ్గా పట్టుకో" అంది.

మంగళవారం పెద్దక్క వెళ్ళిపోయింది. సంచిలో ఒక డబ్బా కూర, దాల్చినచెక్క సగం తగ్గించి వండినది. బుధవారం పొద్దున్న ముక్కక్క పనికి వెళ్ళే తొందరలో టీ కలిపి పెయింటర్ చేతికిచ్చి, తన గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెప్పాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి, చెప్పేశాడు.

"బాలేదు. చక్కెర మరిచావు."

ముక్కక్క పకపకా నవ్వి, తెల్లడబ్బా అందుకుంది.